రేడియో తరంగాల మెషీన్‌తో క్యాన్సర్ తగ్గుతుందా? ఒక్క నెల ప్రయత్నించి చూడొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి 61 ఏళ్ళు, ఉండేది గాజువాక. బుగ్గ లోపల పుండు మానకపోతే బయాప్సీ చేయించారు, క్యాన్సర్ అని తేలింది. ఇంకా వేరే చోటికి పాకలేదు కాబట్టి ఆపరేషన్ చేసి, తర్వాత రేడియేషన్ ఇద్దామని డాక్టర్లు చెప్పారు. ఈలోగా మీ మావయ్యగారు ఒక వీడియో పంపారు. అమెరికాలో ఒక రేడియో ఇంజినీరు తన వంటింట్లోనే క్యాన్సర్ మెషీన్ తయారు చేశాడట. అలాంటిదే ఇక్కడా ఒకచోట పెట్టారు, 28 సిట్టింగులకు 3 లక్షల 20 వేలు, కోత ఉండదు, జుట్టు రాలదు అన్నారు. "డాక్టర్లు కొత్తదాన్ని ఎప్పుడూ నమ్మరు కదా, ఒక్క నెల ఇది చేయించి, తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్‌కి వెళ్ళొచ్చా?" అని మీరు అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. ఆ నెల ఆగొద్దు, ఆపరేషన్ తేదీ తీసుకోండి. అలా ఎందుకంటున్నానో తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే మీ మావయ్యగారికి మీరు సమాధానం చెప్పుకోవాలి. "ఎవరో వద్దన్నారు" అంటే ఆయన ఊరుకోరు.

నేను డాక్టర్ని కాదు. విశాఖలో ముప్పై ఏళ్ళకు పైగా రేడియేషన్ విభాగంలో మెడికల్ ఫిజిసిస్టుగా పనిచేశాను. మెషీన్ నుంచి ఎంత డోసు వస్తోంది, అది గడ్డ మీదే పడుతోందా, పక్కన లాలాజల గ్రంథి మీద ఎంత పడుతోంది అని లెక్క చూసే ఉద్యోగం. రేడియేషన్ ఇచ్చే పాత కోబాల్ట్ మెషీన్ రోజుల్లో చేరి, దాని తర్వాత వచ్చిన లీనియర్ యాక్సిలరేటర్ల రోజుల్లో రిటైరయ్యాను. మన వైపు పేషెంట్లు రేడియేషన్ అనరు, "కరెంటు పెట్టడం" అంటారు. "ఎన్ని కరెంట్లయ్యాయి నాయనా?" అని వెయిటింగ్ హాల్లో ఒకళ్ళనొకళ్ళు అడుక్కుంటారు. ఆసుపత్రిలోనూ కరెంటే, ఆ సెంటర్లోనూ కరెంటే, పైగా అక్కడ నొప్పి లేదు, పుండు లేదు అంటే ఎవరికైనా అటే మనసు లాగుతుంది. అందులో మీ మావయ్యగారి తప్పేమీ లేదు.

ఆ వీడియో సంగతికి వద్దాం. అందులో ఉన్నాయన నిజమైన మనిషే. పేరు జాన్ కాంజియస్, పెన్సిల్వేనియాలో ఈరీ అనే ఊరు. రేడియో, టీవీ స్టేషన్లలో పనిచేసి రిటైరయ్యాడు. 2002లో ఆయనకు రక్తానికి సంబంధించిన క్యాన్సర్ వచ్చింది. కీమో బాధకి రాత్రిళ్ళు నిద్ర పట్టక, 2003లో భార్య వంటింట్లో వాడే రేకు పళ్ళాలు తీసుకుని రేడియో తరంగాలు పంపే పరికరం ఒకటి కట్టాడు. సాసేజ్ ముక్కలో ఒకచోట రాగి లవణం సూదితో ఎక్కించి తరంగాలు పంపితే, ఆ చోటు మాత్రమే వేడెక్కింది, చుట్టుపక్కల చల్లగానే ఉంది. ఆలోచన అదే. క్యాన్సర్ కణాల్లోకి సన్నటి లోహపు రేణువులు పంపి, బయట నుంచి తరంగాలతో వాటిని వేడి చేస్తే కణం లోపలి నుంచే ఉడికిపోవాలి.

ఇది పిచ్చి ఆలోచన కాదు. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో స్టీవెన్ కర్లీ అనే సర్జన్ దీన్ని పట్టుకుని కుందేళ్ళ మీద చేసి చూశారు. కాలేయంలోని గడ్డలోకి నేరుగా, లోహపు రేణువుల బదులు, కంటికి కనపడనంత సన్నటి కార్బన్ నాళికలు ఎక్కించి తరంగాలు పంపితే గడ్డ చచ్చింది. 2007లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 2008లో అమెరికాలో పెద్ద టీవీ కార్యక్రమంలో కాంజియస్ కథ వచ్చింది. మీ మావయ్యగారి దగ్గరున్న క్లిప్పు ఆ కాలం నాటిదే అయ్యుంటుంది.

వీడియో 2008లో ఆగిపోయింది, కథ ఆగలేదు. 2009 ఫిబ్రవరిలో కాంజియస్ చనిపోయాడు. క్యాన్సర్‌కి చికిత్స తీసుకుంటూ ఉండగా న్యుమోనియా వచ్చింది. అప్పటికింకా తన మెషీన్‌ని మనుషుల మీద పరీక్షించే దశే రాలేదు. నేను ఆయన్ని గౌరవించేది ఇందుకే. మెషీన్ చేతిలో ఉంది, చుట్టూ చచ్చిపోతున్న మనుషుల ఉత్తరాలు గుట్టలుగా ఉన్నాయి, అయినా సిట్టింగుకి ఇంత అని బోర్డు పెట్టలేదు. తీసుకెళ్ళి శాస్త్రవేత్తల చేతుల్లో పెట్టాడు. ఆయన వీడియో చూపించి ఇవాళ డబ్బు వసూలు చేస్తున్నవాళ్ళు ఆ ఒక్క విషయంలో ఆయనకి పూర్తిగా ఎదురు నిలబడ్డారు.

ఆ పద్ధతి ఎక్కడ ఇరుక్కుందో కూడా చెప్పాలి. కుందేలు గడ్డలోకి సూదితో నేరుగా ఎక్కించారు కదా. మనిషికి క్యాన్సర్ ఎక్కడెక్కడ ఉందో కంటికి కనపడనప్పుడు, ఆ రేణువులు రక్తంలో వెళ్ళి ప్రతి క్యాన్సర్ కణాన్నీ వెతుక్కోవాలి, మంచి కణాన్ని వదిలెయ్యాలి. రక్తంలోకి పంపిన రేణువుల్లో చాలా భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. పోనీ రేణువులు లేకుండా ఉట్టి తరంగాలే పంపుతామంటే, కాంజియస్ వాడిన 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు సుమారు 22 మీటర్లు. అది మీ నాన్నగారి బుగ్గలో ఉన్న రెండు సెంటీమీటర్ల గడ్డని తనంతట తాను ఎంచుకోదు. మేం లీనియర్ యాక్సిలరేటర్‌తో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా కోసం మాస్కు బిగించి, స్కాన్ తీసి, గంటలు గంటలు ప్లాన్ గీసేవాళ్ళం. మీరు రాసినదాన్ని బట్టి ఆ సెంటర్లో స్కాన్ చూడనేలేదు, రేణువుల ఊసే లేదు. మరి ఆ మెషీన్‌కి గడ్డ ఎక్కడుందో ఎవరు చెబుతారు?

రేడియో తరంగాలు క్యాన్సర్‌ని చంపవని నేననడం లేదు. కాలేయంలో చిన్న గడ్డ, మూడు సెంటీమీటర్ల లోపుదైతే, అందులోకి సూది దించి ఆ మొన దగ్గర రేడియో తరంగాలతో కాల్చేసే పద్ధతి ఆసుపత్రుల్లో మామూలుగా ఉన్నదే. దాని పేరు రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్. సూది ఎక్కడుందో స్కాన్‌లో చూస్తూ చేస్తారు. ఒకే మాట రెండు చోట్ల వినపడేసరికి జనం తికమక పడతారు.

ఇంతకంటే వింతైనది ఒకటుంది. తల నున్నగా గొరిగించుకుని, అట్టల్లాంటి పట్టీలు అంటించుకుని, బ్యాటరీ సంచి భుజానికి తగిలించుకుని రోజుకి 18 గంటలు తిరగాలి. మెదడులో గ్లియోబ్లాస్టోమా అనే మొండి గడ్డకి 200 కిలోహెర్ట్జ్ విద్యుత్ క్షేత్రం పంపే పరికరం ఇది. ఇజ్రాయెల్ శరీరధర్మ శాస్త్రవేత్త యోరమ్ పాల్తీ ఆలోచన. మొదట విన్నప్పుడు నేను నవ్వాను, దాచుకోవడం ఎందుకు. మా డిపార్ట్‌మెంట్‌లో అందరం నవ్వాం. తర్వాత 695 మంది మీద ట్రయల్ చేశారు. కొందరికి మామూలు కీమో, కొందరికి కీమోతో పాటు ఈ పట్టీలు. మామూలు చికిత్సలో మధ్యస్థ ఆయుర్దాయం, అంటే సగం మంది దాటిన కాలం, 16 నెలలు, పట్టీలు కూడా పెట్టుకున్నవాళ్ళకి 20.9 నెలలు. అమెరికాలో మందులకీ పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2011లో తిరగబెట్టిన గడ్డలకి, 2015లో కొత్తగా బయటపడినవాటికి అనుమతి ఇచ్చింది. ఉత్తుత్తి పట్టీలు పెట్టి పోల్చలేదు కదా అని ఇప్పటికీ గొణిగే డాక్టర్లున్నారు, ఆ గొణుగుడులో న్యాయం ఉంది. కానీ నేను నవ్వడం మానేశాను. ఇక్కడ గమనించండి, ఇన్నేళ్ళ కష్టానికి, ఇంతమంది మీద పరీక్షకి దొరికింది సుమారు ఐదు నెలలు. క్యాన్సర్‌లో నిజమైన గెలుపు ఎక్కువసార్లు ఇంతే ఉంటుంది. కరపత్రం మీద "నూటికి నూరు శాతం" అని కనపడితే నాకు చదవాల్సిన పని తీరిపోతుంది.

"డాక్టర్లు కొత్తదాన్ని నమ్మరు" అన్న మాటకి మన భీమవరం మనిషినే గుర్తు చేస్తాను. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టింది 1895 జనవరిలో. రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనిపెట్టిందీ అదే ఏడాది నవంబరులో, నాకు ఈ జత ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. అమెరికాలో లెడర్లే అనే మందుల కంపెనీలో సుబ్బారావు గారి బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ సంబంధ పదార్థాలని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌కి వాడి చూశారు. మొదట ఇచ్చినవాటితో జబ్బు ముదిరినట్టు కనిపించింది. దాన్ని దాచలేదు. ముదిరిందంటే ఫోలిక్ యాసిడ్‌కి వ్యతిరేకంగా పనిచేసేది కావాలన్నమాట అని, అదే బృందం చేసిన అమినోప్టెరిన్ వాడారు. 1948లో అచ్చైన వ్యాసంలో 16 మంది పిల్లల్లో 10 మందికి ఉపశమనం వచ్చిందని రాశారు, అది తాత్కాలికమని శీర్షికలోనే పెట్టారు. ఆ రోజుల్లో రక్తక్యాన్సర్ పిల్లలకి మందు ఇవ్వడమే దండగని చాలామంది డాక్టర్లు అనుకునేవాళ్ళు. వాళ్ళని ఒప్పించింది వీడియో కాదు. ఫలితం రాని ఆ ఆరుగురి లెక్క కూడా కాగితం మీద ఉండటమే. దాని తమ్ముడు మందు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ మన ఆసుపత్రుల్లో వాడుతున్నారు, నోటి క్యాన్సర్‌లో కూడా.

అందుకే ఎవరైనా కొత్త మెషీన్ గురించి చెబితే నేను అడిగేది ఒక్కటే. తగ్గినవాళ్ళని చూపించకండి, వచ్చినవాళ్ళందరి రిజిస్టరు చూపించండి. వంద మంది వస్తే ఆరు నెలల తర్వాత ఎంతమంది ఉన్నారు, పోయినవాళ్ళెవరు, మధ్యలో మానేసినవాళ్ళెవరు?

ఈ ప్రశ్న నేను ఎదురుగా నిలబడి అడిగాను కూడా. మా బావకి ప్యాంక్రియాస్‌లో క్యాన్సర్ వచ్చి, కనుక్కునేసరికే కాలేయానికి పాకింది. డాక్టర్లు నెలల్లో మాట్లాడారు. మా అక్క ఎవరి ద్వారానో వేరే రాష్ట్రంలో ఒక సెంటర్ సంగతి విని, "నువ్వు మెషీన్లు తెలిసినవాడివి కదరా, వచ్చి చూడు" అంది. రాత్రి రైలెక్కి వెళ్ళాం. ఏసీ గది, మంచం చుట్టూ తెల్లటి రింగు, నీలం లైటు, లోపల తేనెటీగలు ముసిరినట్టు సన్నటి మోత. బలమైన రేడియో తరంగాలు వస్తాయని చెప్పారు. నా జేబులో పాత ట్రాన్సిస్టర్ రేడియో ఉంది, రైల్లో పాటలకని తెచ్చుకున్నది. ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రింగు పక్కనే ఆన్ చేశాను. పక్కన అంత బలమైన తరంగం ఉంటే స్టేషన్ మునిగిపోవాలి, కనీసం కరకర అయినా రావాలి. ఘంటసాల గారు హాయిగా పాడుతున్నారు.

రిజిస్టరు అడిగాను. ఆల్బమ్ తెచ్చారు. నాయకులతో, సినిమావాళ్ళతో దిగిన ఫొటోలు.

ఇంత తెలిసీ నేను ఏం చేశానో కూడా చెప్పాలి కదా. నలభై వేలు అడ్వాన్సు కట్టాను. మా అక్క నా ముఖం వంక చూస్తోంది. ఆ చూపుకి ఫిజిక్స్‌తో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. పదకొండు రోజులు ఆ ఊళ్ళో లాడ్జిలో ఉన్నాం. బావకి అక్కడి భోజనం పడలేదు, నొప్పి మందులు ఆపమన్నారు కాబట్టి రాత్రంతా మూలిగేవాడు. పన్నెండో రోజు ఆయనే "ఇంటికెళ్ళిపోదాం రా, బీచ్ రోడ్డులో కాసేపు కూర్చుంటా" అన్నాడు. తిరిగొచ్చాక మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టించాం. తర్వాత ఉన్నన్నాళ్ళూ నిద్రపోయాడు, మనవరాలితో మాట్లాడాడు. నలభై వేలు పోతే పోయాయి. ఆ పదకొండు రోజులే ఇప్పటికీ నన్ను వదలవు.

మీ నాన్నగారి పరిస్థితి మా బావది లాంటిది కాదు, మీది చాలా మెరుగు. నయం కావడానికి అవకాశం ఉన్న దశ. అందుకే మీ "ఒక్క నెల" నన్ను ఎక్కువ భయపెట్టింది. 2020లో పలు దేశాల అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టినప్పుడు, క్యాన్సర్ ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైతే మరణ ప్రమాదం సుమారు 6 నుంచి 8 శాతం పెరుగుతున్నట్టు తేలింది. అది సగటు. నోటి క్యాన్సర్ విషయంలో నేను కళ్ళారా చూసింది వేరే. నెల క్రితం బుగ్గకే ఉన్నది దవడ ఎముకని పట్టుకుంటుంది, మెడలో బిళ్ళ కడుతుంది. అప్పుడు అదే ఆపరేషన్ రెండింతలవుతుంది.

మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ అలవాటు మీకు తెలిసే ఉంటుంది, చుట్టని వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఆ అలవాటుతో అంగిట్లో క్యాన్సర్ వచ్చిన ఒకామె భీమిలి వైపు నుంచి వచ్చింది. చిన్న పుండు. ప్లానింగ్ స్కాన్ తేదీ ఇచ్చాం, రాలేదు. ఎవరో పొడి ఇచ్చారట, వాడిన వారానికే నొప్పి తగ్గింది, ఆకలి పెరిగింది, ముఖం నిండుగా అయింది. ఇంటిల్లిపాదీ దేవుడికి మొక్కులు తీర్చుకున్నారు. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలపడం చాలాచోట్ల పట్టుబడింది. ఆకలి, వాపు తగ్గడం, గుండ్రటి ముఖం, అన్నీ స్టెరాయిడ్ చేసే పనులే. గడ్డ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. ఐదు నెలల తర్వాత ఆమె మళ్ళీ వచ్చినప్పుడు నేను వేసిన ప్లాన్ నయం చేయడానికి కాదు, రక్తం కారకుండా ఆపడానికి.

తగ్గిందని వీడియోల్లో చెప్పేవాళ్ళంతా అబద్ధాలాడుతున్నారని నేననుకోను. అమెరికాలో 2018లో అచ్చైన ఒక అధ్యయనంలో, ఆసుపత్రి చికిత్స వద్దని ప్రత్యామ్నాయ పద్ధతులే నమ్ముకున్న 281 మందిని, మామూలు చికిత్స తీసుకున్నవాళ్ళతో పోల్చారు. ఎవరికీ దూరానికి పాకిన క్యాన్సర్ కాదు. ప్రత్యామ్నాయం వైపు వెళ్ళినవాళ్ళకి మరణ ప్రమాదం మొత్తం మీద రెండున్నర రెట్లు, రొమ్ము క్యాన్సర్‌లో ఐదు రెట్లకి పైన. కానీ ప్రొస్టేట్ క్యాన్సర్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎందుకంటే అది చాలామందిలో నత్తనడక నడుస్తుంది, ఏ పొడి తిన్నా, ఏ రింగులో పడుకున్నా కొన్నేళ్ళు బాగానే ఉంటారు. వీడియోలో నిలబడి మాట్లాడేది వాళ్ళే. ఇంకొందరు అప్పటికే ఆపరేషనూ కీమో అయినవాళ్ళు, పేరు మాత్రం చివరి సిట్టింగుకి వెళ్తుంది. కొందరికి అసలు బయాప్సీయే ఉండదు.

ఇక కొన్ని పనికొచ్చే విషయాలు. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే మన దేశంలో 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఆ సెంటర్ వాళ్ళు "ఇది ట్రయల్ అండీ" అని మాట మారిస్తే, సీటీఆర్‌ఐ, అంటే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, నంబరు అడగండి. 2009 జూన్ నుంచి మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ ఆ రిజిస్ట్రీలో నమోదు కావాలి, అది ఎవరైనా నెట్‌లో వెతికి చూసుకోవచ్చు. నిజమైన ట్రయల్‌లో పరీక్షిస్తున్న మెషీన్‌కి పేషెంటు దగ్గర 3 లక్షలు తీసుకోరు, హాని జరిగితే పరిహారం వాళ్ళే ఇవ్వాలి, మీరు సంతకం పెట్టే కాగితం తెలుగులో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నడుస్తున్న మందులు ఆపమన్న మరుక్షణం లేచి వచ్చేయండి. కొత్త పరికరాల మీద నాకు కోపం లేదు బాబూ. మన స్టీల్ ప్లాంట్ దగ్గరే మెడ్‌టెక్ జోన్‌లో పరికరాలు తయారుచేస్తున్నారు, వాటిని పరీక్షించే ల్యాబులూ అక్కడే ఉన్నాయి. కనిపెట్టినవాడికి నమ్మకం ఉంటే పరీక్షకి భయపడాల్సిన పనేముంది?

మీ నాన్నగారి అసలు భయం దవడ తీసేస్తారని అనుకుంటాను. అది న్యాయమైన భయం, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎముక తీయాల్సి వస్తే కాలి పిక్క పక్కనుండే సన్నటి ఎముకతో దవడ మళ్ళీ కడతారు. కొన్నాళ్ళు ముక్కులో గొట్టంతో జావ, తర్వాత మాటకీ మింగడానికీ అభ్యాసాలు. రేడియేషన్ సుమారు ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు. నోరు పూస్తుంది, కారం తినలేరు, రుచి పోయి నెమ్మదిగా కొంత తిరిగొస్తుంది. మొదలయ్యే ముందే పళ్ళ డాక్టరుకి చూపించండి, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఈ డాక్టరు మీద అనుమానంగా ఉంటే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, టాటా మెమోరియల్ వాళ్ళది, మీకు దగ్గర. బయాప్సీ స్లైడ్లు, స్కాన్ సీడీ పట్టుకెళ్ళి రెండో అభిప్రాయం తీసుకోండి. ఇప్పుడిచ్చిన ఆపరేషన్ తేదీ మాత్రం వదులుకోకండి. ఖర్చు గురించైతే ఎన్టీఆర్ వైద్య సేవ, మనం ఆరోగ్యశ్రీ అని పిలిచేదే, దాని కౌంటర్లో కార్డు పెట్టి అడగండి.

వెళ్ళేటప్పుడు మీ మావయ్యగారిని కూడా తీసుకెళ్ళండి. ఆయన్ని వీడియో పంపొద్దని తిడితే ఆయన ఊరుకుంటారేమో గానీ, రేపు ముక్కు గొట్టం చూసి మీ అమ్మగారి దగ్గర ఇంకోటి మొదలుపెడతారు. డాక్టరు గదిలో ఆయన్నే ముందు కూర్చోబెట్టి, ఆ వీడియో గురించి ఆయన్నే అడగనివ్వండి.